నాలుగో రోగి కావలెను

వైరస్‌కు సొంత జోను అంటూ ఉండదని డాక్టర్ ఊర్మిళ మొదటి సమావేశంలోనే అన్నప్పుడు నాకు ఆవిడ మీద జాలి కలిగింది. పెద్ద చదువులు చదివిన మనిషి. రోగి ముక్కులోంచి తీసిన చుక్కలో వైరస్‌ను పట్టుకుని, దాని జన్యువులోని అక్షరాలన్నీ యంత్రంతో వరసగా చదివించి, ఇది పాతదేనా, కొత్త రూపం ఎత్తిందా అని చెప్పగలదు. కానీ స్థానికత సబ్జెక్టు ఒక్క రోజు కూడా చూడలేదు. ఆ సబ్జెక్టు చూడనివాళ్లకు లోకం సగమే అర్థమవుతుంది.

నేను చూశాను. ఉద్యోగాల భర్తీ విభాగంలో గుమాస్తాగా చేరిన నాటినుంచి సూపరింటెండెంట్ అయ్యేదాకా నా బల్ల మీదికి వచ్చింది అదొక్కటే. ఎవరు ఏ జోనుకు లోకల్, ఎవరు నాన్‌లోకల్. బడిలో వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారు, మధ్యలో ఒక ఏడు మేనమామ ఊళ్లో చదివితే ఆ ఏడాదిని ఎవరి ఖాతాలో వెయ్యాలి. పెళ్లిచూపుల్లో హైమవతిని కూడా నేను మొదట అడిగింది ఆ నాలుగేళ్ల సంగతే. నాలుగో జోను అని చెప్పింది. నాది మూడో జోను. ఆవిడ ఇప్పటికీ నాలుగో జోనులో కాలేజీ లెక్చరర్. భార్యాభర్తల కోటాలో అక్కడికి బదిలీ పెట్టుకోమని ఏటా అడుగుతుంది. ఆ దరఖాస్తు పరిశీలనలో ఉందని నేనూ ఏటా చెబుతున్నాను. పరిశీలించవలసింది నేనే కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటి నన్ను వైరస్‌ల దగ్గరికి పంపడానికి కారణం ఉంది. ఇదివరకు ఏ జిల్లాలో కొత్త జ్వరం వచ్చినా నమూనాలను ఐసుపెట్టెల్లో రాజధానికి పంపేవారు. అవి చేరేసరికి ఐసు నీళ్లయ్యేది, జ్వరం పక్క జిల్లాకు చేరేది. అందుకని ప్రభుత్వం జోనుకొక యంత్రం కొని, అన్నింటినీ కలుపుతూ ‘ప్రాంతీయ వైరస్ రూపాంతరాల జన్యు నిఘా వలయం’ అని ఒకటి పెట్టింది. ఒకచోట కొత్త రూపం కనబడితే అదే రోజు మిగతా చోట్లకు తెలియాలని ఉద్దేశం. సచివాలయంలో ఈ ఫైలు చూసిన పెద్దాయన, ప్రాంతీయమంటే జోన్లు, జోన్లంటే పరాంకుశం అన్నారట. పరాంకుశమంటే నేనే. మొదటి జోను కేంద్రమైన వరహాపురానికి డెప్యుటేషన్ మీద పరిపాలనాధికారిగా వచ్చాను.

మా జోనల్ కమిషనర్ దండపాణి గారు దూరదృష్టి గలవారు. యంత్రం పెట్టె ఇంకా విప్పకముందే ఆయనకు అసలు ప్రమాదం కనబడింది. మన యంత్రంలో ఇతర జోన్ల వైరస్‌లు వచ్చి కూర్చుంటే మన వైరస్‌ల గతి ఏమిటి?

“మన జోను గొంతుల్లో పుట్టి పెరిగిన వైరస్‌లకు మన యంత్రంలో ఎనభై శాతం వాటా దక్కితీరాలి. ఇందులో ఎట్టి పరిస్థితుల్లోనూ రాజీ ప్రసక్తి లేదు” అన్నారు.

అది బస్సెక్కి పోతుంది సార్ అని ఊర్మిళ అంది. ఉద్యోగులూ బస్సెక్కి పోతారనీ, అంతమాత్రాన స్థానికత మారదనీ కమిషనర్ గారు నెమ్మదిగా బోధపరిచారు. నేను తల ఊపాను. వచ్చిన కొత్తలోనే నాకు ఆ ఆఫీసు సొంతిల్లులా అనిపించింది.

విధివిధానాలు రాసే పని నా మీద పడింది. చిక్కల్లా ఒకటే. మనుషులకైతే నాలుగేళ్లు వరసగా చదవడం చూస్తాం. వైరస్ బడికి వెళ్లదు. పోనీ నివాసం చూద్దామంటే, అది నాలుగేళ్లు ఒకచోట ఉండదనీ, ఒక మనిషిలో నాలుగైదు రోజులుండి ఇంకో మనిషిలోకి పోతుందనీ ఊర్మిళ చెప్పింది. ఆ మాట వినగానే నాకు దారి దొరికింది. ‘వరసగా నాలుగు సంవత్సరాలు’ అని ఉన్నచోట ‘వరసగా నలుగురు రోగులు’ అని రాశాను. ఒకే జోనుకు చెందిన నలుగురిలో, ఒకరి నుంచి ఒకరికి, మధ్యలో పరాయి జోను మనిషి రాకుండా నివసించిన వైరస్ ఆ జోనుకు స్థానికమగును. రాసి చదువుకుంటే నాకే ముచ్చటేసింది. రాజధాని నుంచి అభినందన కూడా వచ్చింది.

దానికి అనుబంధంగా ఇంకో రెండు అంశాలు చేర్చాను. స్థానికత తేలేవరకు నమూనాను యంత్రంలో పెట్టరాదు. వైరస్ ప్రస్తుత నివాసం ఆఖరి రోగి కాబట్టి, ఆ రోగి కేంద్రం దాటి పోరాదు. అతనికంటే ముందు రోగులతో మనకు పనిలేదు. వాళ్లు వైరస్‌ను రిలీవ్ చేసేసినవాళ్లు.

రాజధానివారు తమ వంతుగా ఒకటి చేర్చారు. ఏడాది తిరిగేలోగా ఒక్క కొత్త స్థానిక రూపాన్నయినా చూపని కేంద్రం, యంత్రాన్ని పక్క జోనుకు అప్పగించాలి.

ఏడాది చివరికొచ్చింది. మేము చూపలేదు. చింతలేరు అవతలి ఒడ్డున పూలంకపాలెంలో ఉన్న రెండో జోనువారూ చూపలేదు. ఎవరి యంత్రం ఎవరికి పోతుందా అని ఇద్దరమూ భయపడుతున్న సమయంలో సింహాద్రికి జ్వరమొచ్చింది.

సింహాద్రి బస్సు కండక్టరు. వరహాపురం నుంచి చింతలేరు వంతెన మీదుగా పూలంకపాలెం పోయొచ్చే బస్సులో ఉద్యోగం. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, ఒడ్డూ పొడుగూ, నవ్వు ముఖం. ఇన్నాళ్లకు పెళ్లి కుదిరింది. అమ్మాయి వీరవేణి రెండో జోనులో బడిపంతులు. రోజూ అతని బస్సులోనే వెళ్లేది. ఆవిడ బడి దగ్గర స్టాపు లేకపోయినా సింహాద్రి బెల్లు కొట్టి ఆపేవాడు. అలా కొన్నేళ్లు ఆపాక, ఆ స్టాపుకొక అర్థముందని బస్సులోవాళ్లందరికీ తెలిసింది. ఆఖరున వాళ్లిద్దరికీ కూడా తెలిసింది. ముహూర్తం పెట్టారు, శుభలేఖలు అచ్చయ్యాయి. అప్పుడొచ్చింది జ్వరం.

అతని నమూనాకు మామూలు పరీక్ష చేసిన ఊర్మిళ పరుగెత్తుకుంటూ వచ్చింది. పాత వైరస్‌కైతే రావలసిన గీత ఒకటి రాలేదట. కొత్త రూపం కావచ్చు, వెంటనే యంత్రంలో పెట్టి చదవాలి, పాత మందులకు లొంగుతుందో లేదో తెలియాలి, మిగతా జోన్లకు చెప్పాలి అంది. నేను కూర్చోమన్నాను. స్థానికత విచారణ కాకుండా ఎలా చదువుతామండీ అని అడిగాను. ఆవిడ నాకేసి చూసిన చూపు ఎవరైనా కొత్త ఉద్యోగికైతే బాధ కలిగించేది. నమూనా ఫ్రీజరులోకి వెళ్లింది. సింహాద్రి మేడ మీది గదిలోకి వెళ్లాడు.

విచారణకు రెండో జోను కమిషనర్ గారు కూడా స్వయంగా వచ్చారు. అందరం మాస్కులు కట్టుకుని కూర్చున్నాం. సింహాద్రిని గాజు తలుపు వెనక నిలబెట్టి, చలి ఎక్కడ మొదలైందని నేను అడిగాను.

“వంతెన మీదండి బాబూ” అన్నాడు.

వంతెనకు ఇటువైపా, అటువైపా అని రెండో జోను కమిషనర్ గారు అడిగారు.

“నడిమజ్జినండి. టికెట్లు కొడతన్నాను. సలేసింది. సొక్కా మీద సెట్టర్ ఏసుకున్నాను. అప్పటికి అవతలొడ్డుకొచ్చీసినాం.”

స్వెట్టర్ వేసుకున్నది తమ ఒడ్డున కాబట్టి జ్వరం తమదేనని రెండో జోనువారు పట్టుబట్టారు. చలి స్వెట్టర్ కంటే సీనియర్ అని దండపాణి గారు వాదించారు. మర్నాడు రెండు జోన్ల సర్వేయర్లు టేపులు పట్టుకుని వంతెనను కొలిచారు. బస్సు పొడవు తీసేసి చూస్తే, ముందు సీట్లకు ఒక జోను, వెనక సీట్లకు ఒక జోను వచ్చింది. కండక్టరు కావడంతో సింహాద్రి ఏ సీట్లోనూ లేడు.

నేనే కలగజేసుకుని, చలిని వదిలేసి రోగుల వరస చూడమన్నాను. నిబంధన చెప్పేది అదే కదా. వరస చూస్తే ఇలా తేలింది. సింహాద్రికి జ్వరం అంటించింది అతని డ్రైవరు పైడయ్య. పైడయ్యకు అంటించింది అతని అత్తగారు ఎర్నమ్మ. ఆవిడది బస్టాండు దగ్గర ఇడ్లీ బండి. ఎర్నమ్మకు ఎవరి నుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు. ముగ్గురూ పుట్టుకతో మొదటి జోనువాళ్లు. వరసగా ముగ్గురు. నాలుగోవాడు లేడు.

“ఒక్క రోగి తక్కువా?” అన్నారు దండపాణి గారు. ఎదిగొచ్చిన కొడుకు ఒక్క మార్కుతో తప్పితే తండ్రి ముఖం అలాగే ఉంటుంది.

ఎర్నమ్మనూ పైడయ్యనూ కూడా కొన్నాళ్లు ఇంట్లో ఉండమని చెప్పాలని ఊర్మిళ అంది. వాళ్లు వైరస్‌ను ఎప్పుడో రిలీవ్ చేసేశారనీ, వాళ్ల స్వేచ్ఛకు భంగం కలిగించే అధికారం మనకు లేదనీ నేను నిబంధన చూపించాను. ఎర్నమ్మ దగ్గుతూనే బండి తీసింది. ఒకటి మాత్రం చెప్పాలి, అలాంటి పల్లీ చట్నీ నేను మా మూడో జోనులో ఎక్కడా తినలేదు.

ఇక మిగిలింది నాలుగో రోగిని సమకూర్చుకోవడం. ఎవరినో ఒకరిని పిలిచి సింహాద్రి గదిలో ఒక పూట కూర్చోబెడితే సరిపోతుందని రెవెన్యూవారు సలహా ఇచ్చారు. ప్రభుత్వంలో అలా ఇష్టం వచ్చినవాణ్ణి కూర్చోబెట్టడానికి వీల్లేదని నేను అడ్డుపడ్డాను. ఖాళీ ఉందంటే నోటిఫికేషన్ ఇవ్వాలి. ఇచ్చాం. ముసాయిదా నాదే.

‘ఇందుమూలముగా అర్హులైన అభ్యర్థులకు తెలియజేయునది ఏమనగా, వరహాపురం కేంద్రమునందు ఖాళీగా యున్న నాలుగో రోగి (ఒకటి) స్థానమునకు దరఖాస్తులు కోరడమైనది. అభ్యర్థి మొదటి జోనుకు స్థానికుడై యుండవలెను. విద్యార్హతతో నిమిత్తము లేదు. ముక్కు, గొంతు సక్రమముగా పనిచేయవలెను. సిఫారసులు చేయించువారు అనర్హులుగా పరిగణింపబడుదురు.’

అది చదివి ఊర్మిళ నా బల్ల దగ్గరికి వచ్చింది. కాగితాన్ని నా ముందు పెట్టింది.

“జబ్బు రాకుండా చూడమని మనకు జీతమిస్తుంటే, జబ్బు కోసం మనిషిని వెతుకుతారా పరాంకుశం గారూ?”

జబ్బు కోసం కాదనీ, స్థానికత కోసమనీ చెప్పాను. జబ్బు దానికదే వస్తుంది, దాన్నెవరూ వెతకనక్కర్లేదు.

మేము పదిమంది వస్తారేమో అనుకున్నాం. తెల్లారేసరికి క్యూ బస్టాండు దాటి సినిమాహాలు మలుపు తిరిగింది. నోటిఫికేషన్ అన్న మాట విని చాలాకాలమైన కుర్రకారు ఖాళీ ఏమిటని కూడా చూడలేదు. చూసినవాళ్లు, ముందు కాంట్రాక్టు రోగిగా తీసుకుంటారు, తర్వాత ఎన్నికల ముందు రెగ్యులర్ చేస్తారని చెప్పుకున్నారు. ఎమ్మే చేసినవాళ్లు, ఇంజినీరింగ్ చేసినవాళ్లు, ఒకాయన పీహెచ్‌డీ. వారం తిరక్కుండా ఊళ్లో కోచింగ్ సెంటర్లు వెలిశాయి. తుమ్ముకు ఒక మాస్టారు, దగ్గుకు ఒక మాస్టారు. ‘నాలుగో రోగి బిట్ బ్యాంక్’ అని పుస్తకం వచ్చింది. మా అబ్బాయికి సహజంగానే రొంప ఎక్కువండీ, ప్రాక్టికల్స్‌లో గట్టెక్కేస్తాడు అని ఒక తండ్రి నాకు నచ్చజెప్పబోయాడు. సిఫారసు కింద లెక్క వేసి అతని కొడుకును అనర్హుణ్ణి చేశాను.

క్యూ పొడవు చూసి ఎర్నమ్మ బండిని మా గేటు దగ్గరికి మార్చింది. ఆవిడ దగ్గుతూ వడ్డించేది, వాళ్లు నిలబడి తినేవారు. నాకు మాత్రం నాలుగు ఇడ్లీలు బల్ల దగ్గరికే వచ్చేవి.

ఇంతలో రెండో జోను కుర్రాళ్లు వంతెన దాటి వచ్చి ఓపెన్ కోటాలో తమకూ ఇరవై శాతం ఉందన్నారు. నిజమే, ఉంది. కానీ ఖాళీ ఒక్కటి. ఒక్క రోగిలో ఇరవై శాతం ఎలా విడదీయాలో నా ఇన్నేళ్ల సర్వీసులో ఎదురుకాలేదు. గొంతు స్థానికుడిది, ముక్కు ఓపెన్ కేటగిరీది అని దండపాణి గారు ఒక రాజీ సూత్రం చెప్పారు గానీ ఎవరూ ఒప్పుకోలేదు. మొదటి జోనులో జేఏసీ పుట్టి, మా వైరస్ మాకే అని బంద్ చేసింది. రెండో జోనులో ఇంకో జేఏసీ పుట్టి, మా ఒడ్డున వేసుకున్న స్వెట్టర్ మాదే అని రిలే దీక్షలకు కూర్చుంది. స్వెట్టర్‌ను ఒక ట్రాక్టరు మీద ఊరేగించారు. అది సింహాద్రిది కాదు. ఎవరో కోర్టుకు వెళ్లారు. నోటిఫికేషన్ మీద స్టే వచ్చింది. దరఖాస్తుదారులు ఇళ్లకు పోకుండా స్టే ఎత్తేయాలని అక్కడే టెంటు వేసుకున్నారు. మొత్తానికి వరహాపురంలో ఇంత కళ ఎన్నడూ లేదని పాతకాపులు కూడా ఒప్పుకున్నారు.

ఇన్ని జరుగుతున్నా మేడ మీద సింహాద్రికి పెళ్లి గోలే. జ్వరం ఎప్పుడో తగ్గింది. ఊర్మిళ రెండుసార్లు పరీక్ష చేసి అతనిలో వైరస్ లేదని రాసిచ్చింది. దానికి నేను జవాబు రాశాను. రిలీవింగ్ ఆర్డరు లేకుండా వెళ్లిపోయిన ఉద్యోగి కాగితాల మీద పాత సీట్లోనే ఉన్నట్టు. వైరస్ కూడా అంతే. మనిషి నయమయ్యాడు గానీ ఫైలు నయం కాలేదు.

రోజూ సాయంత్రం అతను కిటికీలోంచి బస్టాండు కేసి చూస్తూ, బస్సులు వెళ్లే ఊళ్ల పేర్లు లోపల్లోపల పిలుచుకునేవాడు. నేను మేడ మీది వరండాలో వెళ్తుంటే గాజు తలుపు దగ్గరికి వచ్చేవాడు.

“బాబూ, ముగూర్తం దాటిపోతే మల్లీ మూఢమంటన్నారు. ఆయమ్మి ఎన్నాలని సూస్తాది? నన్నొగ్గీండి బాబూ.”

“ఫైలు పరిశీలనలో ఉంది” అనేవాణ్ణి. ఆ మాటలో ఒక చల్లదనం ఉంది. ఎంత ఆవేశంలో ఉన్నవాడైనా అది వింటే చేతులు కిందికి దించుతాడు. సింహాద్రి కూడా దించేవాడు. అతని ముఖం చూస్తే నాకు బాధగానే ఉండేది. బాధను ఫైలులో రాసే కాలమ్ లేదు.

ముహూర్తం దగ్గరపడ్డ వారంలో వీరవేణి వచ్చింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో శుభలేఖ. సన్నగా ఉంది, కళ్లద్దాలు. ఏడుస్తుందేమోనని ఫ్యాను కిందికి కుర్చీ జరిపాను. ఆవిడ కూర్చుని, నా విధివిధానాల ప్రతిని సంచిలోంచి తీసింది. వాక్యాల కింద ఎర్రసిరాతో గీతలున్నాయి.

“ఇది మీరే రాశారటగదండీ? చాలా బాగుందండీ. ఒక్క స్పౌజ్ కేటగిరీ మాత్రం వదిలేశారండీ.”

నిజం. వదిలేశాను. స్థానికత నిబంధనల్లో భార్యాభర్తల అంశం లేకుండా ఏ ప్రభుత్వమూ ఏనాడూ ఉత్తర్వు ఇవ్వలేదు. భార్య ఒక జోనులో, భర్త ఒక జోనులో ఉంటే, ఇద్దరూ కలిసి ఏదో ఒక జోనుకు ఆప్షన్ ఇచ్చుకోవచ్చు. బదిలీల కౌన్సెలింగుల్లో పండిపోయిన టీచరుకు తెలియకుండా ఎలా ఉంటుంది.

“ఆయనది మీ జోనండీ, నాది అవతలి జోనండీ. పెళ్లయిందంటే ఇద్దరం ఒక జోనుకి ఆప్షన్ ఇచ్చుకుంటాం. ఆయనలో కాపురముంటున్న వైరస్ కూడా ఆ ఆప్షన్లోకే వచ్చేస్తదండీ. నాలుగో రోగితో మీకు పనే ఉండదు. కోర్టు స్టే నోటిఫికేషన్ మీదే కదండీ, మా పెళ్లి మీద లేదు కదా.”

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఏ గుడిలోనూ నాకు అంత భక్తి కలగలేదు.

సవరణ ఉత్తర్వు ఆ సాయంత్రానికే వచ్చింది. అంతవరకు సింహాద్రి పెళ్లి ప్రభుత్వానికి అడ్డం. ఇప్పుడు ఆ పెళ్లి జరగకపోతే ప్రభుత్వానికే గడవదు. రోగి కేంద్రం దాటరాదన్న అంశం అలాగే ఉంది కాబట్టి నమూనాలు తీసుకునే కౌంటరు ముందే పందిరి వేశారు. ఆప్షన్ తన జోనుకే వస్తుందన్న నమ్మకంతో దండపాణి గారు పెళ్లికొడుకు తరఫు పెద్దగా కూర్చున్నారు. అదే నమ్మకంతో రెండో జోను కమిషనర్ గారు పెళ్లికూతురి తరఫున కూర్చుని, బియ్యం బస్తాల నుంచి బాజాభజంత్రీల దాకా చూసుకున్నారు. రెండు జేఏసీలు వియ్యాలవారి పద్ధతిలో ఒకదాన్నొకటి కాఫీలకు పిలుచుకున్నాయి. టిఫిన్లు ఎర్నమ్మవి. సింహాద్రి మేడ దిగి వస్తుంటే క్యూలోని అభ్యర్థులందరూ చప్పట్లు కొట్టారు. పోటీ లేకుండా పోస్టు దక్కించుకున్నవాణ్ణి చూస్తే ఎవరికైనా గౌరవమే.

తాళి కట్టడం అయ్యింది. అక్షింతలు పడుతుండగానే ఇద్దరు కమిషనర్లూ రెండు ఆప్షన్ కాగితాలూ రెండు పెన్నులూ వీరవేణి ముందు పెట్టారు. ఆవిడ పసుపు చేతులతో వాటిని పక్కకు జరిపింది.

“అసలది సర్వీసులో ఉందో లేదో తేలకుండా ఆప్షన్ ఎలా ఇస్తానండీ? ఏ వైరసో, ఏ రకమో ముందు చదివి చెప్పండి. చూశాక ఇస్తాను.”

ఇద్దరూ నాకేసి చూశారు. నేను తలవంచాను. సర్వీసు నిర్ధారణ కాని వ్యక్తి ఆప్షన్ చెల్లదు. నిబంధన ఆవిడ వైపే ఉంది. అయితే చదివేయండి అన్నారు దండపాణి గారు. అన్నాళ్లూ చేతులు కట్టుకుని నిలబడ్డ ఊర్మిళ, జుట్టులో అక్షింతలు కూడా దులుపుకోకుండా ఫ్రీజరు దగ్గరికి పరుగెత్తింది. యంత్రంలో ఒకేసారి చాలా నమూనాలు పడతాయనీ, ఖాళీలు వదిలితే ఖర్చు దండగనీ, బయట టెంటులో చాలామంది దగ్గుతున్నారనీ చెప్పింది. ఏవో ఒకటి వేసి త్వరగా తేల్చమన్నారు కమిషనర్లు. ఆవిడ అంతమంది ముక్కుల్లోంచీ తీసింది. నా ముక్కును కూడా వదల్లేదు.

మర్నాటి సాయంత్రం అందరం ప్రయోగశాల బయట కూర్చున్నాం. పెళ్లిబట్టల్లోనే సింహాద్రి, వీరవేణి ఒక బెంచీ మీద ఉన్నారు. ఊర్మిళ బయటికి వచ్చింది. కొత్త రూపమేనని చెప్పింది. దండపాణి గారు లేచి నిలబడ్డారు. టెంటులోవాళ్ల నమూనాల్లోనూ అదే ఉందని చెప్పింది. మొదటి జోనువాళ్లలోనూ, రెండో జోనువాళ్లలోనూ. మూడో జోను కేంద్రం నుంచి కూడా ఇప్పుడే ఫోనొచ్చింది, అక్కడా అదే. ఎర్నమ్మ బండి, క్యూ, కోచింగ్ సెంటర్లు, దీక్షా శిబిరం, మధ్యలో సొంత ఊళ్లకు పోయొచ్చిన అభ్యర్థులు, ఇదీ అది పాకిన దారి.

“మనం వలయం కట్టేలోపు అది కట్టేసుకుంది సార్” అంది. “తేలికపాటి జ్వరం కాబట్టి ఈసారికి బతికిపోయాం. మళ్లీసారి ఇంత మంచిది రాదు.”

ఆ వాక్యాన్ని ఎవరూ విన్నట్టు లేదు. దండపాణి గారు, మన జోనులో వరసగా నలుగురున్నారా అని అడిగారు. నాలుగు వందలున్నారని ఊర్మిళ చెప్పింది. రెండో జోను కమిషనర్ గారూ అదే అడిగి అదే జవాబు పొందారు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. బయట టపాకాయలు కాల్చారు.

ఆ సంతోషం రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఉంది. ఒక వైరస్ రెండు జోన్లకు స్థానికం కావడానికి నిబంధనలు ఒప్పవు. ఒకటికి మించిన జోన్లలో ఉన్నది రాష్ట్రస్థాయి కేడర్ కిందికి వస్తుంది. అందుచేత సదరు రూపానికి రాష్ట్ర కేడర్‌కు పదోన్నతి కల్పించడమైనది. రాష్ట్ర కేడర్ వ్యవహారాలు రాజధానిలోనే చూడవలసి ఉన్నందున రెండు యంత్రాలనూ తక్షణం అక్కడికి పంపవలెను. ఇకపై నమూనాలను ఐసుపెట్టెల్లో పంపవలెను.

వీరవేణి రెండు ఆప్షన్ కాగితాలనూ తిరిగిచ్చేసింది. రాష్ట్ర కేడర్‌కు ఆప్షన్ ఉండదు. అతని తర్వాత ఇంతమంది రోగులు తేలడంతో సింహాద్రి వైరస్ ప్రస్తుత నివాసం కాకుండా పోయాడు కాబట్టి అతన్ని ఆపే అంశమేదీ మిగల్లేదు. యంత్రం పెట్టెలకు మేకులు కొడుతున్న ఊర్మిళకు ఇద్దరూ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

ఇక నా సంగతి. ఆ రోజు తీసిన ముక్కుల్లో ఆఖరిది నాదే. కొత్త రూపం నాలోనూ ఉందని తేలింది. నమూనాల వరసలో నేనే చివరివాణ్ణి కాబట్టి దాని ప్రస్తుత నివాసం నేను. విధివిధానాల ప్రకారం మా గుమాస్తా నన్ను మేడ మీది గదిలో పెట్టి గాజు తలుపు వేశాడు. పుట్టుక మూడో జోను, ఉద్యోగం మొదటి జోను, పెళ్లిభోజనం రెండో జోనువారి బియ్యంతో. ఇడ్లీలు ఎర్నమ్మవే గానీ పప్పు ఎక్కడిదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నా విచారణ మొదలుపెట్టాలంటే పరిపాలనాధికారి సంతకం కావాలి. పరిపాలనాధికారి క్వారంటైన్‌లో ఉన్నాడు.

జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. ఈ మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడితే పూలంకపాలెం బస్సు బయల్దేరుతోంది. సింహాద్రి ఫుట్‌బోర్డు మీద నిలబడి పిలుస్తున్నాడు. ముందు సీట్లో వీరవేణి గొడుగు మడుచుకుంటోంది. బెల్లు రెండుసార్లు మోగింది. అప్పుడు నాకు నా సవరణ గుర్తొచ్చింది. భార్యాభర్తల కేటగిరీ. రాష్ట్ర కేడర్ వైరస్‌కు ఆప్షన్ లేకపోయినా భర్తకు ఉంది. హైమవతి నాలుగో జోనుకు ఆప్షన్ ఇస్తే చాలు, ఈ పూటే నన్ను రిలీవ్ చేసి ఆవిడ దగ్గరికి పంపాలి. వేరే దారి లేదు. వెంటనే ఫోను చేశాను. అన్నీ చెప్పాను, తప్పకుండా వస్తానన్నాను, ఒక్క సంతకమే కదా అన్నాను.

హైమవతి మొత్తం విన్నది. కాగితం పంపించమంది.

పంపించాను. సాయంత్రం మళ్లీ చేశాను. ఏమైందని అడిగాను.

“పరిశీలనలో ఉంది” అంది.